నోటు వెనకవైపు

మా బాపుకు సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. అందుకని ఏడాదికోసారి, ఎనుమాముల మార్కెట్లో పత్తి అమ్మిన పైసలు చేతికి రాగానే, నన్ను వెంటబెట్టుకుని మా ఊరి సావుకారి ఇంటికి పోయేవాడు. మొదటిసారి పోయినప్పుడు నేను ఆరో తరగతి. సావుకారి బీరువా తెరిచి, బాపు రాసిచ్చిన ప్రామిసరీ నోటు కట్టలోంచి వెతికి తీసేవాడు. పైసలు రెండుసార్లు లెక్కపెట్టుకుని, నోటు బోర్లా తిప్పి, వెనకవైపు రెండు మూడు వరుసలు రాసేవాడు. ఫలానా తేదీన, ఫలానా వారి వల్ల, ఇంత మొత్తం ముట్టింది అని. దాన్నే చెల్లు రాయడం అంటారు. కింద సంతకం పెట్టేముందు బాపు ఆ కాగితాన్ని నా చేతికిచ్చేవాడు. "ఏం రాసిండో సదువు బిడ్డా. గట్టిగ సదువు." అరుగు మీద నలుగురు కూర్చుని ఉన్నా సరే, వాళ్ళందరికీ వినపడేలా చదవాల్సిందే.

అది 1998 నాటి అప్పు. ఆ పంటకాలం వరంగల్ జిల్లాలో పత్తిని పురుగు తినేసింది. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. మందుల దుకాణంలో బాకీ మాత్రం పెరిగింది. ఎంతోమంది రైతులు అప్పుల బాధతో ప్రాణాలు తీసుకున్నారు. మా చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఆ ఏడుపులు వినిపించాయి. మా అమ్మ ఆ ఏడంతా ఇంట్లో మందుడబ్బా ఉండనివ్వలేదు. బావి దగ్గరి కొట్టంలో మిగిలిన డబ్బాను కూడా చీర కొంగులో చుట్టి తీసుకెళ్ళి మా మేనత్త ఇంట్లో దాచింది. ఎందుకని నేనడిగితే చెప్పలేదు. బాపు ముప్ఫై వేలకు, నూటికి రెండు రూపాయల మిత్తికి కాగితం రాసిచ్చి నిలబడ్డాడు. అంటే ఏడాదికి మిత్తే 7,200. ఆ కాగితం తీరడానికి పదకొండేళ్ళు పట్టింది.

కాలేజీకి వచ్చాక నాకు చెల్లు సంగతి ఇంకొకటి తెలిసింది. ప్రామిసరీ నోటు మీద కోర్టుకు వెళ్ళడానికి మూడేళ్ళే గడువు. ఆ లోపల ఎంతో కొంత ముట్టినట్టు వెనక రాసి, కట్టినవాడు సంతకం చేస్తే, ఆ తేదీ నుంచి నోటుకు మళ్ళీ మూడేళ్ళ ఆయుష్షు వస్తుంది. అందుకే మూడో ఏడు నిండబోతుంటే సావుకార్లు పిలిపించి మరీ వంద రూపాయలైనా చెల్లు వేయించుకుంటారు. బాపు గట్టిగా చదివించుకుని సంతకం పెట్టింది అప్పిచ్చినవాడికి రక్షగా ఉండే రాత మీదనా అని నాకు బాధ కలిగింది. ఆ మాటే అడిగాను. "ఎర్కనే బిడ్డా" అన్నాడు. "కాగితం బతికుంటె ఆయనకు మంచిది. నేను కట్టిన్నని కాగితం మీద ఉంటె నాకు మంచిది."

ఆ జవాబు నాకు పూర్తిగా అర్థం కావడానికి నేను స్వయంగా అప్పులో పడాల్సి వచ్చింది.

2019 మేలో మా ఆయన బండి మీద ఇంటికి వస్తుంటే లారీ తగిలింది. కుడికాలు రెండుచోట్ల విరిగింది. ఆరోగ్య బీమా లేదు. ఆపరేషన్లకు జూన్‌లో బ్యాంకు నుంచి 5 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నాం. 16 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు, నెలకు 12,159 రూపాయల కిస్తీ. అది చాలలేదు. నా నాలుగు తులాల గాజులు కుదువబెడితే 90 వేలు వచ్చాయి. క్రెడిట్ కార్డు మీద 60 వేలు వాడాం. పక్కింటి అక్క 25 వేలు చేబదులిచ్చింది. నేను ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. అయినా ఈ నాలుగు అంకెల్నీ ఒకచోట రాసి కూడడానికి నాకు మూడు నెలలు పట్టింది. విడివిడిగా ఒక్కొక్కటీ నోటికి వచ్చు. కూడాలంటే చెయ్యి ఆడేది కాదు. అప్పున్న ఇళ్ళలో చాలామందికి తమ మొత్తం బాకీ ఎంతో తెలియకపోవడానికి కారణం లెక్క రాకపోవడం కాదని నేనిప్పుడు నమ్ముతాను. ఆ అంకె ఎదుట ఒంటరిగా కూర్చోలేకపోవడమే కారణం. ఒక రాత్రి మా ఆయన, నేను కలిసి కూడాం. ఆరు లక్షల డెబ్భై ఐదు వేలు. ఇద్దరం చాలాసేపు మాట్లాడుకోలేదు. కాని ఆ రాత్రి నిద్ర పట్టింది.

మొదట ఏది తీర్చాలన్నది తేల్చుకోవాల్సి వచ్చింది. లెక్క ప్రకారం సందేహమే లేదు. కార్డు మీద నెలకు మూడున్నర శాతం, ఏడాదికి 42 శాతం. పక్కింటి అక్క వడ్డీ ఊసే ఎత్తలేదు. మిగిలిన ప్రతి రూపాయీ కార్డుకే కట్టాలని నా విద్యార్థులెవరైనా చెబుతారు. నేను మాత్రం నెలకు ఐదు వేల చొప్పున ముందు అక్క బాకీ తీర్చాను. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడమే బరువు. నల్లా దగ్గర ఎదురైతే మా ఆయన కాలు ఎలా ఉందని అడిగేది. నేను జవాబు చెబుతూ ఆమె కళ్ళలోకి చూడలేకపోయేదాన్ని. ఐదు నెలల తర్వాత ఆఖరి ఐదు వేలు ఇచ్చి, ఆమె వంటింట్లో కూర్చుని చాయ్ తాగాను. ఆ వరుస ఎంచుకున్నందుకు కార్డుకు కొన్ని వేల వడ్డీ ఎక్కువ కట్టాను. ఆ ఖర్చుకు నేను ఈనాటికీ చింతించను. నాలుగు బాకీలు మూడయ్యాయన్న మాట నన్ను తర్వాతి ఏడాదిన్నర నడిపించింది. కార్డు బాకీ కూడా అలాగే తీరింది. అమెరికాలో డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే ఇద్దరు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనం గురించి ఆ తర్వాతెప్పుడో చదివాను. చాలా ఖాతాల్లో బాకీలున్నవాళ్ళలో, కొన్ని ఖాతాలనైనా పూర్తిగా మూసేయగలిగినవాళ్ళే చివరిదాకా నిలబడి అప్పుల్లోంచి బయటపడే అవకాశం ఎక్కువని వాళ్ళు గమనించారు. నాకు అందులో వింత కనిపించలేదు. మనిషికి లెక్క ఒక్కటే సరిపోతే, ఎవరి అప్పూ ఇంత కాలం సాగదు.

నన్ను కుంగదీసింది పెద్ద బాకీయే. ప్రతి నెలా ఐదో తారీఖు పొద్దున ఖాతాలోంచి 12,159 దానంతటదే వెళ్ళిపోయేది. ఫోన్లో చిన్న సందేశం. పది నిమిషాల్లో ఏ చీరల దుకాణం సందేశమో వచ్చి దాన్ని కిందికి తోసేది. నేను ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఎవరూ లెక్కపెట్టుకోలేదు. ముట్టిందని ఎవరూ అనలేదు. డబ్బు కట్టినట్టు నాకే అనిపించేది కాదు, పోయినట్టు అనిపించేది. కట్టడానికీ పోవడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ రోజుల్లో తెలిసింది. పోయిన డబ్బుకు ఏడవగలం గాని, దాని మీద నిలబడలేం.

ఇంతలో 2020 వచ్చింది. మార్చిలో బళ్ళు మూతపడ్డాయి. ఏప్రిల్ నుంచి మా బడిలో జీతాలు ఆగిపోయాయి. రిజర్వు బ్యాంకు మొదట మూడు నెలలు, తర్వాత ఆగస్టు చివరిదాకా కిస్తీలు వాయిదా వేసుకునే వీలు ఇచ్చింది. మార్చి కిస్తీ అప్పటికే వెళ్ళిపోయింది. ఏప్రిల్ నుంచి ఐదు కిస్తీలు ఆపుకున్నాం. కిస్తీ ఆగింది గాని వడ్డీ ఆగలేదు. అప్పటికి తొమ్మిది కిస్తీల్లో లక్షా తొమ్మిది వేలు కట్టి, బాకీని 4 లక్షల 48 వేలకు దించాం. సెప్టెంబరులో చూసుకుంటే 4 లక్షల 78 వేలు. ఐదు నెలలు ఊపిరి పీల్చుకున్నందుకు చివరి కిస్తీ పది నెలలు వెనక్కి జరిగింది. ఆ వెసులుబాటును నేను తప్పు పట్టను, అది లేకపోతే ఆ వేసవిలో ఇల్లు గడిచేది కాదు. వడ్డీ మీద పడిన వడ్డీని కేంద్రం తర్వాత రెండు కోట్ల లోపు అప్పులున్నవాళ్ళకు వెనక్కి వేసింది, మాకూ పన్నెండు వందల చిల్లర వచ్చింది. కాని పదిహేను నెలల్లో లక్షకు పైగా కట్టి, 22 వేల అసలు మాత్రమే తీరిందని చూసినప్పుడు నాలో ఏదో తెగిపోయింది. ఇక కట్టినా కట్టకపోయినా ఒకటే అనిపించింది. అప్పులో అన్నిటికన్నా ప్రమాదమైన క్షణం అదే. భయపడే మనిషి ఇంకా కడతాడు. లెక్క చేయడం మానేసిన మనిషి కట్టడు.

ఆ దసరాకు ఊరికి వెళ్ళాం. బాపు పోయి అప్పటికి నాలుగేళ్ళు. నేను పడుతున్న బాధ విని అమ్మ ఏమీ అనలేదు. సందుగ తెరిచి, అడుగున బాపు ధోవతి మడతలోంచి ఒక కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది. 2009లో బాకీ తీరిననాడు సావుకారి స్టాంపు మీద సంతకం ఉన్న మూల చింపి, మిగతా నోటు బాపుకు ఇచ్చేశాడు. బాపు దాన్ని పొయ్యిలో వేయకుండా దాచుకున్నాడని నాకు తెలియదు.

ముందువైపు చూశాను. మామూలుగా అచ్చేసిన నోటు, ఖాళీల్లో పేరు, మొత్తం, మిత్తి. అది ఎవరి అప్పయినా కావచ్చు. తిప్పి వెనకవైపు చూశాను. అక్కడ మా బాపు ఉన్నాడు. వెనక జాగా చాలక అడుగున ఇంకో కాగితం అంటించారు. 1999 నుంచి 2009 దాకా పదకొండు చెల్లులు. కొన్ని నల్ల సిరాతో, కొన్ని నీలంతో. కింద ప్రతిసారీ ఆ వంకర సంతకం. 2002లో వానలు పడలేదు. ఆ ఏటి చెల్లు ఐదు వందలు. ఏడాది మిత్తి ఏడు వేలు దాటే చోట ఐదు వందలు! లెక్కల టీచరుగా చూస్తే ఆ మొత్తానికి అర్థమే లేదు, బాకీ ఆ ఏడు పెరిగిందే గాని తగ్గలేదు. అప్పుడు నేను పదో తరగతి. ఆ ఐదు వందలకు కూడా బాపు నన్ను తీసుకెళ్ళాడు, గట్టిగా చదివించాడు. చదువుతుంటే నాకు సిగ్గేసింది, అరుగు మీద వాళ్ళు నవ్వుతారని. ఎవరూ నవ్వలేదు. ఒక పెద్దాయన "ఈ కరువుల సుత తెచ్చినవా" అన్నాడు. బాపు తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

అప్పు తీర్చడమంటే బాకీ సున్నా చేయడమని నేను అనుకుంటూ వచ్చాను. సున్నా ఎక్కడో ఐదేళ్ళ అవతల ఉంటుంది. దాన్ని చూస్తూ ఎవరూ రోజూ నడవలేరు. బాపు సున్నాను చూడలేదు. ఏడాదికోసారి నోటు వెనకవైపు చూశాడు, అక్కడ ఉన్నది బాకీ కాదు, తను నిలబెట్టుకున్న మాట. ఐదు వందలు మిత్తికి చాలకపోవచ్చు గాని మాటకు చాలుతుంది. బ్యాంకు నా అప్పుకు ముందువైపే ఇచ్చింది. వెనకవైపు నేనే చేసుకోవాలి.

మేముండే హన్మకొండకు తిరిగి రాగానే బడి నోటుపుస్తకం ఒకటి తీసి గీతలు గీశాను. ఐదో తారీఖు రాత్రి అన్నాలు తిన్నాక ఒక చెల్లు. ఇంత ముట్టింది, అందులో మిత్తి ఇంత, అసలు ఇంత, ఇంకా ఇంత ఉంది. కింద మా ఆయన సంతకం ఒక నెల, నా సంతకం ఒక నెల. మా పాప అప్పుడు ఒకటో తరగతి. దాన్ని పిలిచి "గట్టిగ సదువు" అన్నాను. లక్షలు పలకడం రాక తడబడేది. మొదట్లో మా ఆయనకు ఇది ఇష్టం లేదు, పసిదానికి అప్పుల సంగతి ఎందుకన్నాడు. నాకూ ఆ సందేహం ఉండేది. కాని పిల్లలకు అప్పు సంగతి మనం చెప్పకపోయినా తెలుస్తుంది. తలుపు వేసుకుని గొంతు తగ్గించి మాట్లాడుకునే మాటల్లోంచి, పండుగ ముందు అమ్మ ముఖంలోంచి తెలుస్తుంది. అలా తెలిసేది భయం. వాకిట్లో కూర్చుని చదివితే తెలిసేది లెక్క. తిరుమల వేంకటేశ్వరుడు పెళ్ళికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇంకా వడ్డీ కడుతున్నాడని చెప్పుకుని, హుండీలో మనవంతు వేసి దండం పెట్టే జాతి మనది. దేవుడి అప్పును అంత ఆప్యాయంగా చెప్పుకునేవాళ్ళం మన అప్పును దొంగసొత్తులా ఎందుకు దాస్తామో నాకు అర్థం కాదు.

చెల్లు రాయడం మొదలుపెట్టాక కిస్తీ లోపల ఏం జరుగుతుందో కూడా తెలిసింది. 5 లక్షలు, 16 శాతం, 60 కిస్తీలు అన్న లెక్కలో మొదటి కిస్తీ 12,159లో 6,667 వడ్డీకే పోతుంది, అసలులోంచి తగ్గేది 5,492. ఏ ఆటంకం లేకుండా కట్టినా సగం అసలు తీరేది 30వ నెలలో కాదు, 36వ నెలలో. మిగిలిన సగానికి 24 నెలలు చాలు. చివరి కిస్తీలో వడ్డీ 160 రూపాయలే. అంటే ఎక్కువ కష్టపడి తక్కువ ఫలితం చూసే కాలం ముందు వస్తుంది. మూడో ఏట చతికిలబడేవాళ్ళలో పట్టుదల తక్కువని మనం అనుకుంటాం. నిజానికి వాళ్ళు కొండ ఎక్కుతున్నారు, దిగే వైపు ఇంకా కనిపించలేదు. ఈ సంగతి లోన్ ఇచ్చిన రోజే ఎవరైనా కూర్చోబెట్టి చెబితే ఎంతమందికి ధైర్యంగా ఉంటుందో! నేను ఇప్పుడు ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ చెప్పేటప్పుడు పుస్తకంలో లేకపోయినా ఈ పట్టిక బోర్డు మీద వేస్తాను.

2021 మార్చిలో బళ్ళు మళ్ళీ మూశారు. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. రేషన్ దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడితే, వరుసలో నా పాత విద్యార్థి తండ్రి కనిపించి నమస్తే పెట్టాడు. ఆ నెల కిస్తీ మా ఆయన జీతంలోంచి వెళ్ళింది. రాత్రి చెల్లు రాస్తూ, 2002 నాటి ఐదు వందల చెల్లు పక్కన నా చెల్లు పెట్టి చూసుకున్నాను.

జీతం మళ్ళీ ఆగుతుందన్న భయంతోనే నేను ఒక తప్పు చేశాను. త్వరగా తీర్చేయాలని పొద్దున ఐదింటి నుంచి ఒక ట్యూషన్, సాయంత్రం తొమ్మిది దాకా రెండు ట్యూషన్లు పెట్టుకున్నాను. పండుగకు బట్టలు మానేశాం. పుట్టినింటికి పోవడం మానేశాను. చెల్లులు పెద్దవయ్యాయి. ఒకనాడు పాపకు జ్వరం వచ్చింది. వచ్చి రెండు రోజులైందని నాకు మూడో రోజు తెలిసింది. చిన్నప్పుడు భాగోతంలో హరిశ్చంద్ర కథ ఆడేవాళ్ళు. విశ్వామిత్రుడి బాకీ కోసం నక్షత్రకుడు వెంటపడి వేధిస్తుంటే అందరూ వాణ్ణి తిట్టేవాళ్ళు. ఇప్పటికీ బాకీకోసం పీడించేవాణ్ణి నక్షత్రకుడనే అంటాం. నాకు మాత్రం కాశీ వీధిలో భార్యాబిడ్డల్ని అమ్మే చోట కడుపులో తిప్పేది. సత్యం గొప్పదే, కాని ఆ బేరంలో లోహితాస్యుణ్ణి ఎవరూ అడగలేదు. పాప నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ ఆ కథే గుర్తొచ్చింది. నన్ను వెంటాడే నక్షత్రకుడు బయట లేడు, నాలోనే ఉన్నాడు. పొద్దుటి ట్యూషన్ మానేశాను. ఆ దసరాకు ముగ్గురికీ కొత్త బట్టలు కొన్నాం, అదీ పుస్తకంలో రాశాను. చెల్లు చిన్నదయింది గాని తెగలేదు. తెగకుండా ఉండాలంటే కొన్నిసార్లు చిన్నది కావాలి.

ఎవరైనా వచ్చి తీర్చేస్తే బాగుండునన్న కల కూడా అప్పున్న ప్రతి ఇంట్లో ఉంటుంది. భద్రాద్రి గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గిన రామదాసు కోసం రామలక్ష్మణులు రాత్రివేళ తానీషా ఎదుట మొహరీలు కుమ్మరించి రసీదు తీసుకున్నారని మా వైపు చెప్పుకుంటారు. 2008లో కేంద్రం రైతుల బ్యాంకు అప్పులు మాఫీ చేసినప్పుడు మా ఊళ్ళో కొన్ని ఇళ్ళకు అలాంటి రాత్రి నిజంగానే వచ్చింది. సావుకారి నోట్లకు అది వర్తించలేదు. ఆ ఏడు కూడా బాపు మామూలుగానే నన్ను వెంటబెట్టుకుని పోయాడు. దారిలో నాకు కోపం వచ్చి ఏదో అన్నాను. "వాళ్ళకు వచ్చిందని మనకు దుఃఖమెందుకు" అన్నాడు. అంతకన్నా ఏమీ అనలేదు. నాలుగు వేలు కట్టాడు.

2025 ఏప్రిల్ 5న చివరి కిస్తీ వెళ్ళింది. నేను తరగతిలో ఉన్నాను, ఫోన్ చూసుకోలేదు. సాయంత్రం చూస్తే ఎప్పటిలాంటి సందేశమే. రాత్రి చెల్లు రాశాను. పాప అప్పటికి ఐదో తరగతి దాటుతోంది, లక్షలు తడుముకోకుండా పలికేది. ఆఖరి చెల్లు చదివి ఆగలేదు, వెనక్కి తిప్పి మొదటి పేజీ నుంచి చదువుతూ వచ్చింది. మా ఆయన గోడకు ఆనుకుని విన్నాడు. బియ్యం నెల వచ్చినప్పుడు కాసేపు ఆగి నా ముఖం చూసింది.

గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. ఏడాదికోసారి మిత్తి కట్టి తిరగరాయించుకుంటూ వస్తున్నాం. చదవడం అయ్యాక పాప కొత్త పేజీ తీసి, స్కేలు, పెన్సిలు తెచ్చుకుని గీతలు గీయడం మొదలుపెట్టింది. "గాజులు అని పైన రాయనా, అమ్మా?"